రెల్లు మీద రక్తం

కైరో, ఫైసల్ వీధి
2022 సెప్టెంబర్ 9

కెనా జిల్లా మిజ్మార్ సన్నాయి మేళాలకు మకుటం, గుక్క తిప్పుకోకుండా గుర్రాలను ఆడించగల ఘనుడు, మా అమ్మకు ఏకైక తమ్ముడు అయిన రష్వాన్ మామయ్య సముఖానికి,

లా కాలేజీ మూడో సంవత్సరం (రెండోసారి) విద్యార్థి, నీ మేనల్లుడు షాదీ సలాములు చేసి మనవి చేసుకునేది ఏమనగా: మైక్రోబస్సు డ్రైవర్ అబ్దు రబ్బో తెచ్చిన రొట్టెల మూట అందింది. పదిహేను అని రాశావు, పదకొండే ఉన్నాయి. మిగతా నాలుగూ అస్యూత్ దగ్గర కనబడకుండా పోయాయని సాక్షి వాంగ్మూలం. సాక్షి మీసాల్లో రొట్టెపొడి ఉంది. కేసు కొట్టేశాను.

ఇక నీ రహస్యం. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ అత్తయ్య చెవికే అతుక్కుని ఉంటుంది కాబట్టి ఉత్తరంలో రాశావు, మంచి పని చేశావు. రమదాన్‌లో సిగరెట్లు మానేశావట. అప్పటి నుంచీ మిజ్మార్ ఊది తీసేసరికి నోట్లో పెట్టుకునే రెల్లు పీక మీద ఎర్రగా రక్తం అంటుతోందట. ముప్ఫయ్యేళ్లు పొగ తాగినంత కాలం చుక్క రాలేదు, మంచివాణ్ణయ్యాక వచ్చింది, ఇదేం న్యాయంరా అని అడిగావు.

న్యాయం గురించి అడగడానికి సరైన మనిషిని పట్టుకున్నావు. కాలేజీ అయ్యాక నేను ఆవిరి సిగరెట్ల దుకాణంలో పనిచేస్తున్నానని నీకు తెలుసు కదా. రోజూ వందమంది నోళ్లు చూస్తాను, బయటి నుంచే అనుకో. నా తీర్పు ఇది: నీ ఒంటికి నికోటిన్ అలవాటు. అది హఠాత్తుగా మానేసరికి చిగుళ్లు అలిగాయి. నిప్పు వద్దు, పొగ వద్దు, ఉత్త ఆవిరి చాలు. మూటలో ఒక పరికరం, రెండు పుదీనా సీసాలు పెట్టాను. మా దగ్గర ఉన్నవాటిలో ఘాటైన రకం. నీ స్థాయికి తక్కువది ఇస్తే అవమానం.

పూచీ నాది.

నీ శ్వాసకు బానిస,
షాదీ


నజా రిజ్కా, కెనా
2022 అక్టోబర్ 21

అల్లుడూ,

అల్లా నిన్ను చల్లగా చూడాలి. మూడు వారాలు కాలేదు, రక్తం ఆగిపోయింది. నిన్న పెళ్లిలో మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఊదాను. రెల్లు తీసి చూస్తే పాలలో ముంచి తీసినట్టు ఉంది. చదువుకున్నవాడి మాట చదువుకున్నవాడిదే. ఇన్నాళ్లూ నిన్ను దండగ అన్నాను, అందులో సగం వెనక్కి తీసుకుంటున్నాను.

మేళంలో వాళ్లు ఊరుకుంటారా. రెండో మిజ్మార్ ఊదే గాద్, మా అన్న కొడుకు, నీకు తెలుసుగా, "బాబాయ్ నోరు తెరిస్తే పుదీనా మడిలో మేక తప్పిపోయినట్టుంది" అన్నాడు. సుతి పట్టే ముసలి సుబ్హీ మాత్రం నా చేతిలోంచి ఆవిరి గొట్టం లాక్కుని నాలుగు గుక్కలు పీల్చి, "ఇంకోటి తెప్పించు" అన్నాడు. ఇద్దరికీ చెరొకటి పంపు.

నోరు మాత్రం బాగా ఎండుతోంది. పాటకీ పాటకీ మధ్య టీ తాగకపోతే నాలుక అంగిలికి అంటుకుంటోంది. ఇంకో సంగతి, నవ్వుతావేమో. నా కింది పళ్లు పొడుగయ్యాయి. మీ అత్తయ్య నఈమా చూసి, "ఈ వయసులో పళ్లు పెరుగుతున్నాయేంటి, గాడిదలాగా?" అంది. గాడిదలకు పెరుగుతాయా? నాకు తెలీదు. నువ్వు చదువుకున్నావు, చెప్పు.

అత్తయ్య నెయ్యి పంపుతోంది. అబ్దు రబ్బో తాగలేడు కదా అని నెయ్యే పంపుతున్నాను.

రష్వాన్


కైరో
2022 నవంబర్ 18

విజేత అయిన మామయ్యకు,

నీ ఉత్తరం దుకాణంలో చదివి వినిపించాను. మా యజమాని కళ్లు తుడుచుకుని, దాన్ని పటం కట్టిద్దామన్నాడు. "పాలలో ముంచి తీసినట్టు" అన్న మాట కాయితం మీద పెద్దక్షరాలతో రాసి కౌంటర్ పక్కన అంటించాడు. నువ్వు ఫైసల్ వీధిలో ప్రసిద్ధుడివి.

నోరు ఎండటం గురించి: టీ తాగు, ఎలాగూ తాగుతావు. పళ్లు పొడుగవడం గురించి: అది గాంభీర్య లక్షణం. ఒంటెకు మెడ, న్యాయవాదికి నాలుక, మేళనాయకుడికి పళ్లు. అత్తయ్యకు ఈ మాట నేనన్నానని చెప్పకు.

గాద్‌కూ సుబ్హీ తాతకూ చెరొక పరికరం, అందరికీ కలిపి ఎనిమిది సీసాలు. గాద్‌కు మామిడి రుచిది పంపాను, మేక జోకు వేసినందుకు శిక్ష.

నెయ్యి బ్రహ్మాండం. మూత చుట్టూ వేలిముద్రలున్నాయి. అబ్దు రబ్బోను తక్కువ అంచనా వేశావు.

నీ వైద్యుడు, నీ వకీలు,
షాదీ


నజా రిజ్కా
2022 డిసెంబర్ 30

అల్లుడూ,

చలి ముదిరింది. మేక ఈనింది, రెండు పిల్లలు. అత్తయ్య మోకాళ్లు ఎప్పటిలాగే ఉన్నాయి.

సోమవారం సుల్తాన్ వాళ్ల ఇంట పెళ్లిలో మిజ్మార్ రెల్లు మొదట్లో ఉండే గుండ్రటి బిళ్ళ పెదవులకు ఆనించి నొక్కుతుంటే, కింద ముందు పన్ను లోపలికి వంగినట్టయింది. నాలుకతో తోస్తే తిరిగి దాని చోటికి వచ్చింది. పక్కదీ అంతే. నొప్పి ఏమంత లేదు, లవంగం పెట్టుకుంటున్నాను. రక్తం మాత్రం చుక్క లేదు కాబట్టి కంగారు పడలేదు. రక్తం వస్తే కదా జబ్బు.

నాకు కావలసిందల్లా షాబాన్ నెల నడిమి దాకా ఈ నోరు నిలబడటం. మార్చి మొదట్లో మన ఊరి వలీ దర్గా ఉత్సవం. గుర్రాలు బరిలోకి దిగేటప్పుడు మొదటి పిలుపు నాయకుడు ఒక్కడే ఊదాలి, బుగ్గల్లో గాలి దాచుకుంటూ, ముక్కుతో పీలుస్తూ, గుర్రాలన్నీ ఒక చుట్టు తిరిగి వచ్చేదాకా తెగకుండా. మా నాన్న ఇరవై రెండేళ్లు ఊదాడు. నేను పంతొమ్మిదేళ్ల నుంచి ఊదుతున్నాను. ఇంకో మూడు ఊదితే ఆయన పక్కన నిలబడతాను. నువ్వు కోర్టులకు పోకుండా నేను నేర్పింది పట్టుకుని ఉంటే ఈ లెక్క నాకెందుకు. సరే, పాత గొడవ.

సీసాలు అయిపోవచ్చాయి. ఇంకాస్త ఘాటైనది ఉందా?

రష్వాన్


కైరో
2023 జనవరి 20

సర్వోన్నత న్యాయస్థానం, ఫైసల్ వీధి శాఖ, నీకు జారీ చేసిన తాకీదు

ముద్దాయి: ఆవిరి గొట్టం, రుచి పుదీనా.
ఫిర్యాది: రష్వాన్ నోటిలోని కింది దంతాలు, ముప్ఫయ్యేళ్లుగా ఉద్యోగంలో ఉన్నవి.
ముఖ్య సాక్షి: షాహీనాజ్, దంతవైద్యం ఆఖరి సంవత్సరం.

ఈ సాక్షి ఎవరంటావేమో. ఈ చదువులో పరీక్ష నెగ్గాలంటే రోగుల్ని విద్యార్థులే వెతుక్కుని తెచ్చుకోవాలి. ఆమెకు చిగుళ్ల రోగి దొరకలేదట. చేపలు కావాలంటే చెరువుకు పోవాలని నేరుగా మా దుకాణంలోకి వచ్చింది. అక్కడున్నవాళ్లలో నోరు ఎక్కువ తెరిచి ఉన్నవాణ్ణి చూసి ఎంచుకుంది, అది నేనే.

గీతలున్న సన్నటి పుల్లతో పంటికీ చిగురుకీ మధ్య సందు కొలిచింది. మూడు మిల్లీమీటర్ల దాకా మామూలట. రోజంతా ఆవిరి పీల్చే నాకు నాలుగు, ఐదు. పళ్ల మొదళ్ల దగ్గర రెండు పుచ్చులు కూడా. ఈ ఆవిరి నోరు ఎండగడుతుందట, దాని తీపి పళ్లకు పట్టుకుంటుందట. "చూశారా, రక్తం మాత్రం రాలేదు" అని గర్వంగా అన్నాను. ఆమె మాస్టారు పక్కనే ఉన్నాడు. "అదే నాయనా నా భయం" అన్నాడు.

కాబట్టి వాదోపవాదాలు విన్న మీదట తేలినది: చిగురు రక్తం కార్చడం దాని ఏడుపు. నికోటిన్ రక్తనాళాలను బిగించి దాని నోరు మూస్తుంది. ఏడుపు ఆగుతుంది, జబ్బు ఆగదు. లోపల పంటిని పట్టుకున్న ఎముక తరుగుతూనే ఉంటుంది. పన్ను పొడుగవడం పెరగడం కాదు, చిగురు కిందికి జారడం. సిగరెట్లు తాగినన్నాళ్లూ నీ చిగురు నోరు నొక్కే ఉంది. మానగానే పాపం గొంతెత్తింది. అప్పుడు ఈ కోర్టువారి సాక్షాత్తు గుమాస్తా పుదీనా పంపి మళ్లీ నోరు మూయించాడు.

తీర్పు: ముద్దాయిని నైలులో పారవేయవలెను. ఫిర్యాదిని వెంటనే కైరోలో షాహీనాజ్ కుర్చీలో హాజరు పరచవలెను. ఆలస్యమైతే దంతాలు తమంతట తామే రాజీనామా చేయగలవు.

ముద్ర వేసి, దస్కత్తు చేసినది,
గుమాస్తా షాదీ


నజా రిజ్కా
2023 ఫిబ్రవరి 10

ఖాజీ గారూ,

నీ తీర్పు టీ అంగడిలో గాద్ చేత చదివించాను. "దంతాలు రాజీనామా" దగ్గర సుబ్హీకి టీ ముక్కులోంచి వచ్చింది. నాలుగుసార్లు చదివించుకున్నారు. ఇలాంటిది నెలకొకటి రాయి.

మాకు అర్థం కాదనుకున్నావా? ఆ పిల్లకు రోగి కావాలి, నీకు ఆ పిల్ల కావాలి, మధ్యలో నా పళ్లు కావాలి. ఉత్సవం అయ్యాక వస్తాను, పిల్లనీ చూస్తాను. అత్తయ్య అప్పుడే వాళ్లది ఏ ఊరని అడుగుతోంది. నీకు నచ్చితే సూటిగా చెప్పు, నా నోరు అడ్డం పెట్టకు.

నవ్వులాటకే అనుకో, అయినా నీ మాట పరీక్ష చేయించాను. గాద్ నాలుగు రోజులు గొట్టం ముట్టలేదు. ఐదో రోజు పళ్లు తోముకుంటే రక్తం. మళ్లీ పీల్చాడు, వారంలో ఆగింది. ఇప్పుడు చెప్పు, మందు ఏది, జబ్బు ఏది?

ఈసారి ఉత్సవానికి నలభై గుర్రాలొస్తున్నాయట. సీసాలు పంపలేదేం? కెనాలో ఎవడో అమ్ముతున్నాడని గాద్ తెచ్చాడు, ఏదో పుచ్చకాయ వాసన.

రష్వాన్


కైరో
2023 ఫిబ్రవరి 17

మామయ్యా,

పోయిన ఉత్తరంలో రాసిందంతా నిజం. నవ్వేలా రాయడం నా తప్పు.

నాకు ఏ పిల్లా వద్దు. గాద్‌కు ఆగింది రక్తం మాత్రమే, లోపలి జబ్బు ఆగలేదు. నీ పన్ను కదులుతోందంటే కింద ఎముక చాలావరకు పోయిందని షాహీనాజ్ చెప్పింది. నేను నమ్మక ఆమె మాస్టారునూ అడిగాను. అదే చెప్పాడు. గొట్టం మానేస్తే మళ్లీ రక్తం వస్తుంది. దానికి భయపడకు, భయపడి మళ్లీ పీల్చకు. బిళ్ళ నొక్కి ఊదకు. ఉత్సవం దాకా ఆగకు, వచ్చేయి.

నోరు ఎండుతోందని నువ్వు రాస్తే టీ తాగమన్నాను. పళ్లు పొడుగయ్యాయంటే గాంభీర్యం అన్నాను. ఏమీ తెలియకుండా అన్నాను. గొట్టం పంపింది నేను. పూచీ నాదని రాసిందీ నేనే.

షాదీ


నజా రిజ్కా
2023 మార్చి 14

అల్లుడూ,

నీ చిన్న ఉత్తరం అబ్దు రబ్బో తెచ్చి ఇచ్చాడు. విప్పి చూస్తే ఒక్క వేళాకోళం లేదు. నీకేదో అయిందనుకున్నాను. రెండోసారి చదివాక, అయింది నాకని అర్థమైంది. ఈసారి టీ అంగడికి తీసుకెళ్లలేదు.

ఆ రోజే గొట్టం పెట్టెలో పడేశాను. గాద్ నవ్వాడు. ఎనిమిది రోజులకు రక్తం మొదలైంది, తిండిలో రక్తం, దిండు మీద రక్తం. నువ్వు ముందే రాశావు కాబట్టి పెట్టె తెరవలేదు. తెరవాలనిపించలేదని చెప్పను.

వచ్చేయమన్నావు. రాలేదు. పంతొమ్మిదేళ్ల తర్వాత, నలభై గుర్రాలు బరి దగ్గర నిలబడి ఉండగా, పన్ను కదులుతోందని ఎవడికి చెప్పను?

పిలుపు ఎత్తాను. గుర్రాలు సగం చుట్టు తిరిగాయి. అప్పుడు బిళ్ళ కింద ఏదో విరిగినట్టు కాదు, జారినట్టయింది. పన్ను నాలుక మీదకు వచ్చింది. దాని వెనకే రెండోది. నోరు తెరిస్తే పాట తెగుతుంది. అవి బుగ్గలో పెట్టుకుని, రక్తం మింగుతూ ఇంకొన్ని గుక్కలు ఊదాను. గాలి పక్కనుంచి పోతోంది. స్వరం ఈల అవుతోంది. గుర్రాలకు ముందు తెలుస్తుంది ఇలాంటిది, ముందున్న నల్లది చెవులు వెనక్కి వాల్చింది.

నీకు చిన్నప్పుడు చెప్పాను, గుర్తుందో లేదో: మేళంలో నాయకుడు అరడుగు వెనక్కి వేస్తే నాయకత్వం ఇచ్చేసినట్టే. మాట అక్కర్లేదు. మా నాన్న పోయే ఏడాది వేశాడు. నేను ఆ అరడుగు వేశాను. గాద్ నా వైపు చూడలేదు, దానికి వాణ్ణి మెచ్చుకోవాలి. నేను వదిలిన స్వరం మీదే వాడు అందుకున్నాడు. పాట తెగలేదు. గుర్రాలు చుట్టు పూర్తి చేశాయి. చూడవచ్చిన వాళ్లలో ఎవరికీ తెలీదు.

ఇంటికొచ్చి రెండు పళ్లూ అరచేతిలో పెట్టి అత్తయ్యకు చూపించాను. గాడిద మాట ఆమె మళ్లీ అనలేదు. అంటే బాగుండేది.

గాద్ ఆ సాయంత్రమే తన గొట్టం తెచ్చి నా ముందు పెట్టాడు. సుబ్హీ ఇంకా ఇవ్వలేదు.

కైరో ఎప్పుడు రమ్మంటావు?

రష్వాన్


కైరో
2023 ఏప్రిల్ 28

మామయ్యా,

నువ్వు క్షేమంగా తిరిగి ఊరు చేరావని అబ్దు రబ్బో చెప్పాడు. దారంతా నువ్వు ఒక్క మాటా మాట్లాడలేదని కూడా చెప్పాడు.

ఆసుపత్రిలో నువ్వు కుర్చీలో ఉన్నప్పుడు నేను బయట వరండాలో ఉన్నాను. తలుపు సందులోంచి షాహీనాజ్ అంకెలు చెబుతుంటే ఇంకో అమ్మాయి రాసుకుంటోంది. ఆరు. ఏడు. ఏడు. తొమ్మిది. ప్రతి అంకె దగ్గరా నేను ఏ నెలలో ఎన్ని సీసాలు పంపానో గుర్తుకొచ్చింది. నువ్వు బయటికొచ్చి, "పిల్ల మంచిది, చేయి తేలిక" అన్నావు. తిడతావని రెండు రోజులు ఎదురుచూశాను.

ఆమె చెప్పింది నీకు అర్థమయ్యేలా రాయమంది. పోయిన రెంటికీ కట్టుడు పళ్లు పెట్టొచ్చు, కానీ బిళ్ళ నొక్కితే నిలవవు. మిగతా వాటిలో నాలుగు ప్రమాదంలో ఉన్నాయి. లోపలి గార తీసి శుభ్రం చేసింది కాబట్టి, నువ్వు రోజూ రెండు పూటలా తోముకుని, పొగ గానీ ఆవిరి గానీ ముట్టకపోతే నిలవొచ్చు. పోయిన ఎముక తిరిగి రాదు. రక్తం ఇంకొన్నాళ్లు వస్తుంది. వారం వారం తగ్గుతుంటే చిగురు మానుతున్నట్టు. ఉన్నట్టుండి పూర్తిగా ఆగిపోతే, నువ్వు మళ్లీ పీలుస్తున్నావేమోనని తాను అనుకుంటానంది.

దుకాణం మానేశాను. వెళ్లేముందు కౌంటర్ పక్కన అంటించిన నీ మాట చించి జేబులో పెట్టుకున్నాను. యజమాని కొత్తది రాయించాడట. చేతిరాత పాతదానికన్నా బాగుందట.

నా గొట్టం కూడా మానేసి ఇరవై ఆరు రోజులు. నాకూ రక్తం వస్తోంది.

షాదీ


నజా రిజ్కా
2023 జూన్ 2

అల్లుడూ,

తిడతానని ఎదురుచూశావా. మైక్రోబస్సులో సోహాగ్ దాకా తిట్టాను, నోరు తెరవకుండా. ఆ తర్వాత, ఘాటైనది ఉందా అని అడిగింది నేనే కదా అని గుర్తొచ్చింది. అక్కడితో ఆగింది.

సుబ్హీకి చూపు ఆనడం లేదు, మేళం మానేశాడు. గొట్టం మానలేదు. ఆయన చోట నేను నిలబడుతున్నాను. గాద్ పాట తీస్తాడు, నేను సుతి పడతాను. ఒకటే స్వరం, పెళ్లి మొదలు నుంచి చివరి దాకా. దానికి అంత నొక్కక్కర్లేదు. మొదటి వారం అవమానంగా ఉండేది. ఇప్పుడు గాద్ ఎక్కడ తప్పుతున్నాడో వెనకనుంచి బాగా వినిపిస్తోంది. చెప్తే వాడికి కోపం. చెప్తున్నాను.

మా నాన్న లెక్క ఇరవై రెండు దగ్గరే ఉంది. నాది ఇరవై కూడా కాదు, ఆఖరిది సగం. దాన్ని లెక్కలో వేయాలో వద్దో ఊళ్లో ఎవరూ చెప్పడం లేదు.

నీ ఉత్తరాల్లో నవ్వు పోయింది. పళ్లు పోయినవాణ్ణి నేను, నీకేమైంది? అబ్దు రబ్బో ఈసారి తేనె సీసా మోస్తున్నాడు. ఎంత మిగిలిందో వాంగ్మూలం తీసుకుని రాయి, పాత పద్ధతిలో.

ఈ కవరులో మూడు రెల్లు పీకలు పెట్టాను. దారానికి ఒక ముడి ఉన్నది మే మొదటి వారంది, రెండు ముళ్లది నడిమిది, మూడు ముళ్లది నిన్నటిది. ఎరుపు తగ్గుతున్నట్టే నాకు కనిపిస్తోంది. అత్తయ్య కూడా అవునంది. కానీ తెల్లటి రెల్లు చూసి ఒకసారి మోసపోయాం, నువ్వూ నేనూ.

వీటిని తీసుకెళ్లి షాహీనాజ్‌కు చూపించు. నీకేమనిపించిందో రాయకు. ఆమె ఏమందో అది మాత్రం రాయి.

సుతి పట్టే
రష్వాన్ మామయ్య